కుంపట్ల వీధిలో రబ్బరు బూట్లు

పోయిన వారం పెద్దసుబ్బమ్మను ప్రొద్దుటూరు కుంపట్ల వీధిలో, పొద్దున పది గంటల ఎండలో, ఒక వ్యాను ముందర నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. వ్యానూ ఉంది. ఆమె మొహం ముందర పట్టిన కాగితమూ, వేలిముద్ర వేయడానికి మూత తీసి పెట్టిన సిరా డబ్బా కూడా అలాగే ఉన్నాయి. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుని కథలోకి పోదాం.

కుంపట్ల వీధిలో ముందర బంగారు అంగళ్లు, వెనక నగలు చేసే ఆచార్ల కుంపట్లు. ఆకురాయి కింద రాలిన బంగారు పొడీ, కడిగిన నీళ్లతో జారిపోయిన నలుసూ చివరికి చేరేది వెనక సందులోని మురికి కాలవకే. ఆ కాలవలో దిగి, మట్టి ఎత్తి, ఇనుప బొచ్చెలో కడిగి, అడుగున మిగిలిన మెరుపును అమ్ముకుని బతికేవాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్కరికీ ఇల్లు లేదు. అంగళ్లు మూశాక ఆ అరుగులే వాళ్ల పడకలు. తొమ్మిదేళ్ల కిందట పులివెందుల పక్కన బోరు ఎండిపోయి, గొర్రెల మందను తెగనమ్ముకుని, మొగుడు బాలన్నతో ఈ వీధికి చేరిన పెద్దసుబ్బమ్మ వాళ్లందరికీ పెద్ద దిక్కు.

నెల కిందట బాలన్నకు జ్వరం వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. ఆరో రోజుకు పోయాడు. తాగి తాగి కామెర్లు తెచ్చుకున్నాడని వీధంతా తేల్చేసింది. బాలన్న జన్మలో సారా వాసన చూసిన మనిషి కాడు. తర్వాత మరో ఇద్దరికి అదే జ్వరం వచ్చి, చావు తప్పి లేచారు. ఇప్పుడు పెద్దసుబ్బమ్మ పక్కలో పడుకునే అమీనాబీ పెద్దాసుపత్రిలో ఉంది. ఆసుపత్రి తరఫున వీధులు తిరిగే నర్సు వనిత, అమీనాబీ రక్తం తీయించి పరీక్షకు పంపింది. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లలో కాలు పెడితే, ఆ కాలికి ఎక్కడైనా గీటు ఉంటే, అందులోంచి ఎక్కే జ్వరంలా ఉందని చెప్పింది. మొదట పిక్కలు పీకుతాయంది. కళ్లు ఎర్రబడి ఆపైన పచ్చబడతాయంది. ఉచ్చ ఆగిపోయిందా, ఇక ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదని మరీ మరీ చెప్పింది. రిపోర్టు ఎల్లుండి వస్తుంది. అది వస్తే కాలవలో దిగిన ప్రతి ఒక్కరికీ మాత్రలు ఇస్తారు, కాలవ కూడా బాగుచేయిస్తారు.

ఈలోగా దసరా వచ్చి నెత్తిన కూర్చుంది. పదకొండు రోజుల్లో వీధి వీధంతా దీపాలు వేయాలి, బేరాలు రావాలి. అరుగుల మీద జ్వరం మనుషులుంటే కొనేవాళ్లు ఎలా వస్తారని వీధి బాగోగుల కమిటీకి బెంగ పట్టుకుంది. కమిటీ ప్రెసిడెంటు కాశీవిశ్వనాథం జమ్మలమడుగు అవతల ఒక పాత గిడ్డంగి మాట్లాడాడు, వ్యాను పిలిపించాడు. అక్కడ డాక్టరు లేడు. అక్కడికి పోయాక ఎవరికి జ్వరం తగిలినా దేవుడే దిక్కు.

ఇదీ సంగతి. కొందరు పాఠకులు పెద్దసుబ్బమ్మ వేలిముద్ర వేసేస్తుందేమోనని భయపడ్డారట. ఆమెను వాళ్లు ఇంకా సరిగా ఎరుగరు.

కాశీవిశ్వనాథం చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు. మెత్తని మనిషి. గొంతు పెంచి ఎరుగడు. ఇంతమందిని అరుగు మీద పడుకోనిచ్చినవాడే ఆయన. అలాంటి మనిషి చేతిలో అలాంటి కాగితం ఉండటమే కష్టం, ఎదురు చెప్పడానికి నోరు ముడుచుకుపోతుంది.

“ఏమ్మా సుబ్బమ్మా, నీకు చెడుపు చేస్తానా నేను? తొమ్మిదేండ్ల నించి మా అరుగు మీద పండుకుంటాండారు. ఒక్క మాటన్నానా?” అన్నాడు.

“అనలేదు సావుకారూ. నువ్వు మంచోనివే. నీ కాగితం ఏమంటాదో తెలవాల నాకు,” అంది పెద్దసుబ్బమ్మ.

ఆమెకు చదువు రాదు. పక్కనే ఉన్న వనితను చదవమంది. వనిత కాగితం అందుకుని పైకే చదివింది. మా అపరిశుభ్రత వల్ల, తాగుడు వల్ల మాకు వచ్చిన జబ్బు వీధిలోని వారికి సోకకూడదని, మా ఇష్టప్రకారమే ఈ చోటు ఖాళీ చేసి పోతున్నాము అని ఉంది అందులో. వెనక నిలబడ్డ మట్టి కడిగేవాళ్లలో ఒకరిద్దరు తలలు దించుకున్నారు. వాళ్లెవరూ తాగరని నేను చెప్పను. అయినా తాగినందుకు జ్వరం రాలేదు, దించుకోవలసిన తలలు అవి కావు.

పెద్దసుబ్బమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఆమె పిక్కలు పీకుతున్నాయి. నిలువు కాళ్ల మీద పనిచేసే ఆడదానికి పిక్కలు పీకక ఏం చేస్తాయని తనకు తానే చెప్పుకుంటోంది. ఎవరికీ చెప్పలేదు. జబ్బు మనిషి చెప్పే మాటను ఎవరు చెవిన పెడతారు? అదీగాక తనకే జ్వరమంటే, చూశావా మేమన్నది నిజమేనంటారు. అందుకని నడుం నిటారుగా పెట్టుకుని అడిగింది.

“తాగుడు అన్న మాట యాడుండాది పాపా? ఏలు పెట్టి చూపీ.”

వనిత చూపించింది. పెద్దసుబ్బమ్మ సిరా డబ్బాలో బొటనవేలు ముంచింది. కాశీవిశ్వనాథం హమ్మయ్య అనుకున్నట్టు భుజం మీది కండువా సర్దుకున్నాడు. ఆమె ఆ వేలు తెచ్చి, వేయమన్న చోట వేయలేదు. తాగుడు అన్న మాట మీద అదిమి, అటూ ఇటూ బాగా రుద్దింది. మాట కనిపించకుండా పోయిందాకా రుద్ది, వేలిని గోడకు తుడుచుకుంది.

“మా బాలన్న తాగలేదు,” అంది.

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. అంగళ్ల ముందర బేరం లేక నిలబడ్డ గుమాస్తాలు నాలుగడుగులు దగ్గరికి వచ్చారు. కాశీవిశ్వనాథం కోపం తెచ్చుకోలేదు. జేబులోంచి అలాంటిదే ఇంకో కాగితం తీశాడు. వ్యాపారస్థుడు కదా, ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని ఆయనకు తెలుసు. సరే, తాగుడు వద్దులే, ఆ మాట కొట్టేద్దాం అన్నాడు. మరి జ్వరం ఎక్కడినుంచి వచ్చినట్టు, వీధిలో ఇన్ని ఇళ్లున్నాయే, ఒక్క ఇంట్లో ఒక్కరికైనా వచ్చిందా, మీకే ఎందుకొచ్చింది అని నెమ్మదిగా అడిగాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు ఒక్క క్షణం తన మిద్దె పైకిటికీ మీదికి పోయి వచ్చింది. పెద్దసుబ్బమ్మ అది చూసింది. ఎందుకో అప్పటికి అర్థం కాలేదు.

“చెప్తా ఇను,” అంది ఆమె. “మేము గొర్రెలోల్లం. మందలో ఒగ గొర్రెకు ఉచ్చ ఎర్రబారినా, కండ్లు పచ్చబారినా గొర్రెను తిట్టం. అది యాడ నీల్లు తాగిందో ఎతుకుతాం. మందను ఆ నీల్ల కాడికి పోనీకుండా తోలుకోని వస్తాం. మా నాయన అంతే, మా తాత అంతే. నేను మొగుడు సచ్చిన దుఃఖంలో పడి ఆ మాట మరిసిపోయినా. మొన్న యాదికొచ్చింది.”

మొన్న ఆమె చేసిన పని వనితకు తప్ప ఎవరికీ తెలియదు. జ్వరం వచ్చి లేచిన ఇద్దరి దగ్గరికీ పోయి, ఆసుపత్రిలో అమీనాబీ మంచం దగ్గరికీ పోయి ఒకే ప్రశ్న అడిగింది. జ్వరానికి ముందు పది పదిహేను రోజుల్లో మట్టి ఎక్కడ ఎత్తారని. ముగ్గురూ ఒకే చోటు చెప్పారు. బాలన్న ఎక్కడ ఎత్తాడో ఆమెకే తెలుసు, బొచ్చె పట్టుకుని పక్కన నిలబడింది తనే. నాలుగు నోళ్లలో, ఒకటి చచ్చిన నోరు, ఒకటే జవాబు వచ్చింది. కాశీవిశ్వనాథం ఇంటి వెనక, కాలవ మలుపు తిరిగే చోటు. పాత కుంపట్లన్నీ ఆ ఇంటి వెనకే ఉండేవి కాబట్టి అక్కడి మట్టిలో మెరుపు ఎక్కువ. అందుకే అందరూ అక్కడికే ఎగబడతారు. ఎలుకలు కూడా అక్కడే ఎక్కువ. ఎందుకని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఈ మాటలన్నీ పెద్దసుబ్బమ్మ వీధి మధ్యలో నిలబడి, ఒకదాని తర్వాత ఒకటి, తడబడకుండా చెప్పింది. కాశీవిశ్వనాథం మొహంలో మెత్తదనం కొంచెం తగ్గింది. అయితే తప్పు మాదంటావా అన్నాడు.

“నాది గూడా ఉండాది. అది గూడా చెప్తా,” అంది.

అరుగు మూలనున్న గోనెసంచిని ముందరికి లాగి, జరిగింది చెప్పింది. వానలు పట్టకముందే వనిత నాలుగు జతల రబ్బరు బూట్లు తెచ్చి ఇచ్చింది, మోకాలి దాకా వచ్చేవి. ఇవి వేసుకోకుండా కాలవలో దిగవద్దని బతిమాలింది. మట్టి కడిగేవాళ్లకు ఒక కట్టడి ఉంది. బంగారం కలిసిన మట్టి మహాలక్ష్మి. చెప్పుకాలితో తొక్కితే ఆమె ఆ బొచ్చెలోకి మళ్లీ రాదు. దిగేముందు మట్టిని ముట్టి కళ్లకద్దుకుని, ఉత్తకాళ్లతో దిగాలి. పెద్దసుబ్బమ్మ ఆ కట్టడిని అందరికంటే గట్టిగా పట్టుకున్న మనిషి. బూట్లను గోనెసంచిలో కట్టి మూలన పడేసింది. అమీనాబీ ఒకరోజు ముచ్చటపడి ఒక జత తొడుక్కుంటే, తీయమని కసిరింది. లక్ష్మి అమీనాబీకి ఏమవుతుంది? అయినా అక్క చెప్పిందని తీసేసింది. అప్పటికే అరికాలికి గాజుపెంకు గుచ్చుకుని ఉంది.

“నా మాట ఇని అది మంచాన పడింది. ఈ పొద్దు దానికి ఉచ్చ రాకుంటే మిషను పెట్టి రక్తం కడుగుతాండారు. నా తప్పు నేను ఒప్పుకుంటి. నీ ఇంటెనక ఏముందో నువ్వొచ్చి చూడు సావుకారూ. ఆ నీల్లల్లో నీ కాలు ఒక్కసారి పెట్టు. పెడితే, నువ్వు యాడ వెయ్యమంటే ఆడ నా ఏలు ఏస్తా.”

ఆమె గోనెసంచి విప్పింది. బూట్ల మీద దుమ్ము పేరుకుంది. ఒక జత తీసి, అరుగు అంచున కూర్చుని తొడుక్కోబోతుంటే భారతమ్మ చెయ్యి పట్టుకుంది. వాళ్లలో వయసులో పెద్దసుబ్బమ్మ తర్వాతిది ఆమే. ముప్పై ఏళ్లుగా ఈ మట్టే కడుగుతోంది.

“వద్దుక్కా. లచ్చిమి పోతాది,” అంది.

“బాలన్న పాయ. అమీనా పోయేటట్టుండాది. ఇంతమంది పోయినాక ఆమె ఒక్కతి ఉండి ఏం జేస్తాది? పోతే పోనీ,” అంది పెద్దసుబ్బమ్మ.

పిక్క మీదికి బూటు లాగుతుంటే ప్రాణం పోయినంత నొప్పి వచ్చింది. పంటి కింద పెదవి పెట్టుకుని లాగేసింది. రెండోది కూడా తొడుక్కుని, లేచి, వెనక సందు వైపు నడిచింది. రబ్బరు బూట్ల చప్పుడుకు వీధంతా తలలు తిప్పింది. మట్టి కడిగేవాళ్లు ఆమె వెంట నడిచారు. గుమాస్తాలు నడిచారు. తమాషా ఎక్కడుంటే అక్కడికి చేరే జనం నడిచారు. ప్రెసిడెంటు గనక కాశీవిశ్వనాథం కూడా నడవక తప్పలేదు. వ్యాను డ్రైవరు అన్సర్ బండిని మెల్లగా సందు మొగదాకా తెచ్చి ఆపాడు. ఎక్కించుకోవలసిన మనుషులు ఎటు పోతే అటు పోవాలి కదా పాపం.

కాలవ మలుపు దగ్గర నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. పెద్దసుబ్బమ్మ దిగింది. నీళ్లు బూటు సగం దాకా వచ్చాయి. ఆమె కాలవలో, ఆయన గట్టు మీద. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“రా సావుకారూ.”

కాశీవిశ్వనాథం కాళ్లకు కొత్త తోలు చెప్పులున్నాయి. ఆయన వాటిని చూసుకున్నాడు. తర్వాత నీళ్లను చూశాడు. అందరూ చూస్తున్నారని తెలిసి, ఏదో ఒకటి అనాలి గనక, ఇదంతా నాకేం పనమ్మా, నాకు అంగట్లో బేరం ఉంది అన్నాడు. జనంలో ఎవరూ నవ్వలేదు. అప్పుడే ఆయన ఇంటి వెనక తలుపు గడియ తీసిన చప్పుడైంది.

వచ్చింది పుల్లమ్మ, కాశీవిశ్వనాథం తల్లి. ఎనభై దాటిన మనిషి. చుర్రుమనే ఎండలో కంబళి కప్పుకుని ఉంది. చేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో బెల్లం కలిపిన అన్నం. ఉత్తకాళ్లు. మూడు రోజులుగా ఆమె కిందికి దిగలేదు, దిగనివ్వలేదు. ఈ రోజు కాపలా ఉండేవాళ్లంతా వ్యాను తమాషా చూడటానికి పోయారు గనక దిగింది. గడప దాటి, తడి బండల మీద నడిచి, రోజూ పెట్టే చోట, కాలవ అంచున అన్నం కుమ్మరించింది. వినాయకుని వాహనానికి పెట్టనిదే పుల్లమ్మ ముద్ద ముట్టదు. పెళ్లై ఈ ఇంటికి వచ్చిననాటి నుంచీ అది ఆమె నోము.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుందో లేదో బండల సందుల్లోంచి వచ్చాయి. ఒకటి, రెండు కాదు. అంతమంది మనుషులు నిలబడి ఉన్నారనే జంకు కూడా లేదు వాటికి. ఈ ఇంటి అన్నం తిని తరాల తరబడి పెరిగినవి. పెద్దసుబ్బమ్మ బూట్ల పక్కనుంచే రెండు ఈదుకుంటూ పోయి గట్టెక్కాయి. అక్కడే ఎలుకలు ఎందుకు ఎక్కువో వీధి మొత్తానికి ఒక్కసారే తెలిసిపోయింది.

“అమ్మా, లోపలికి పో,” అన్నాడు కాశీవిశ్వనాథం. గొంతు పెంచి ఎరుగని మనిషి, ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాడు.

పుల్లమ్మ పోలేదు. కంబళి సర్దుకుని కొడుకు వైపు తిరిగింది. ఎండ మొహాన పడింది. కాలవలోంచి చూస్తున్న పెద్దసుబ్బమ్మకు ఆ కళ్లు తేటగా కనిపించాయి. ఆ పసుపును ఆమె నెల కిందట తన మొగుడి కళ్లలో చూసింది, నాలుగు రోజుల కిందట అమీనాబీ కళ్లలో చూసింది. ఇందాక సావుకారు కిటికీ వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు అర్థమైంది. దసరా బేరాల కోసం ఆయన కన్నతల్లి జ్వరాన్ని మిద్దె మీద దాచాడు. వాతం నొప్పులని ఇంట్లోవాళ్లకు చెప్పాడు, బహుశా తనకు తానూ అదే చెప్పుకున్నాడు. పెద్దసుబ్బమ్మకు ఆయన మీద కోపం రావలసింది. కానీ ఆయన మొహం చూస్తే జాలే వచ్చింది.

“పైనుంచి అంతా వింటి నాయనా,” అంది పుల్లమ్మ. “జబ్బున్నోల్లను బండెక్కిస్తాండారంట గదా. నన్నెందుకు మరిసిపోతివి?”

ముసలామె సందు మొగ వైపు నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులకే తూలింది. పెద్దసుబ్బమ్మ కాలవలోంచి ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు, పోయి భుజం పట్టింది. సావుకారు తల్లీ, సావుకారు అరుగు మీద పడుకునే ఆడదీ, ఒకరి మీద ఒకరు బరువు వేసుకుని వ్యాను దాకా నడిచారు. వనిత ముందు ఎక్కి చెయ్యి అందించింది. పుల్లమ్మ ఎక్కి, మట్టి కడిగేవాళ్లకని వేసిన చాప మీద కూర్చుని, కంబళి కప్పుకుంది.

అన్సర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మెల్లగా అడిగాడు. “యాడికి పోవాల సావుకారూ? జమ్మలమడుగుకా, పెద్దాసుపత్రికా?”

ఆ ప్రశ్నకు జవాబు కోసం వీధంతా ఆయన వైపు చూసింది. కాశీవిశ్వనాథం చేతిలో రెండో కాగితం ఉంది. దాన్ని ఆయన మడిచాడు, మళ్లీ మడిచాడు, ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లో పట్టుకున్నాడు.

“ఆసుపత్రికి,” అన్నాడు.

వెనక మట్టి కడిగేవాళ్లలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. భారతమ్మ వెనక్కి పోయి, గోనెసంచిలోంచి ఇంకో జత బూట్లు తీసి, తన కాలికి పెట్టి చూసుకుంటోంది.

పెద్దసుబ్బమ్మ దిగబోయింది. పుల్లమ్మ ఆమె ముంజేతిని వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుని, జ్వరంతో సగం మూసుకుపోయిన కళ్లు తెరిచి చూసింది.

“నీ చెయ్యేందే, నా చేతికన్నా ఎక్కువ కాలుతాండాది?”

ఆ మాట కింద నిలబడ్డ కాశీవిశ్వనాథం విన్నాడు. అందరూ విన్నారు. నిన్నటి నుంచి దాచిన మాట. ఇంక దాచి లాభం లేదని పెద్దసుబ్బమ్మకు తెలిసింది.

“అవునవ్వా. జరమే,” అంది. చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని కిందికి దిగింది. దిగి కాశీవిశ్వనాథానికి ఎదురుగా నిలబడింది. “మీ అమ్మను తీస్కపో సావుకారూ, ఆమె పక్కన కూర్చో. నేనిప్పుడు రాను. నేను బండెక్కితే నీ కమిటీవాల్లు ఇంకో కాగితం తెస్తారు, వీల్లు ఏలిముద్రలు ఏస్తారు. ఎల్లుండి ఆ రిపోర్టు వచ్చేదాకా నీ అరుగు మీదే కూర్చుంటా.”

చెప్పినట్టే పోయి అరుగు మీద కూర్చుంది. బూట్లు తీయలేదు. కాళ్లు చాపుకుని, వీపు ఆయన అంగడి షట్టరుకు ఆనించింది. వ్యాను కదిలింది. కాశీవిశ్వనాథం తల్లి పక్కన చాప మీద కూర్చుని, వెనక అద్దంలోంచి ఆమెనే చూస్తూ పోయాడు.

వ్యాను ఎక్కిన వనిత మాత్రం పోలేదు, కదిలేలోగా దిగేసింది. పరుగున వచ్చి అరుగు ముందర మోకాళ్ల మీద కూర్చుంది. పెద్దసుబ్బమ్మ కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉంది, అంచులో పసుపు మొదలైంది. వనిత ఇంకేమీ చూడలేదు. వెనక నిలబడ్డవాళ్లకు వినిపించకుండా, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

“అక్కా, నిజం చెప్పు. ఉచ్చకు ఎప్పుడు పోయినావు?”

పెద్దసుబ్బమ్మ బూట్ల వైపు చూసుకుంది.

“నిన్న పొద్దున,” అంది.